గాలిమర పెడితే కరెంటు బాధ తీరుతుందా?

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే రైతుకి గాలి సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. చేట ఎత్తి పట్టుకొని గాలికోసం పూటంతా కనిపెట్టుకొని కూర్చున్న రోజులూ వుంటాయి, ఒక్క విసురుకి తాలుతోపాటు గింజ కూడా ఎగిరిపోయిన రోజులూ వుంటాయి. గాలి మనం పిలిస్తే రాదు, వద్దంటే పోదు. ఈ మాట మనసులో పెట్టుకొని, ఇంటి మీద గాలిమర బిగించి, బ్యాటరీలు నింపుకొని, కరెంటు బిల్లు లేకుండా బతకవచ్చునన్న ప్రచారాన్ని ఈ వారం పరిశీలిద్దాం.

విశాఖ జిల్లా పద్మనాభం మండలం రైతులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. "సెల్లులో సూసినాం బాబూ. మేడ మీద ఫేను నాంటిది ఎడితే సాలంట, జల్మంతా కరెంటు కొననక్కర్నేదంట. నిజవేనేటి?" అని అడుగుతున్నారు. అడగడంలో తప్పులేదు. అడగకుండా కొంటేనే తప్పు. అప్పు చేసి కొనే సరుకు ఏదయినా ముందు లెక్క వేసుకోవాలి. ఎరువు బస్తాకి వేసే లెక్కే గాలిమరకీ వెయ్యాలి.

ఈ ఆశ ఎందుకు పుట్టింది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి విసిరింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. స్తంభాలు విరిగాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పడిపోయాయి. నగరంలోనే రోజుల తరబడి చీకటి. పల్లెలకు వంతు వచ్చేసరికి ఇంకా ఆలస్యమయింది. మోటారు తిరగక మంచినీళ్ళు లేవు, సెల్లు చార్జింగు లేక దూరాన వున్న బిడ్డల క్షేమం తెలియలేదు. ఆ రాత్రులు చూసినవాళ్ళు "మన ఇంటి కరెంటు మన చేతిలో వుంటే బాగుణ్ణు" అనుకోవడం సహజం.

రెండోది కోతలు. పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం వుంది. అదే జిల్లా పల్లెల్లో వేసవి రాత్రి ఫ్యాను ఆగిపోతుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకే పవర్ హాలిడే ప్రకటించవలసి వచ్చినప్పుడు పల్లెల గతి ఏమిటో వేరే చెప్పాలా?

మూడోది బిల్లు. 2022లో ఇళ్ళకు నిర్ణయించిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర రూపాయలు. నెలకి 100 యూనిట్లు కాల్చిన ఇంటికి వాడకం ఖర్చు 304 రూపాయల 50 పైసలు. దాని మీద స్థిర చార్జీ, సుంకం, ట్రూ అప్, ఇంధన సర్దుబాటు అంటూ వచ్చి చేరేవి వేరు. ఎప్పుడో కాల్చిన కరెంటుకి ఇప్పుడు బాకీ కట్టమంటే ఎవరికి మండదు? 1998 విద్యుత్ సంస్కరణల చట్టం, బోర్డు విభజన, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద వుద్యమించిన జనంపై కాల్పులు, ఇవేవీ రైతాంగం మరిచిపోలేదు. కరెంటు బిల్లంటే మన రాష్ట్రంలో ఒక కాగితం కాదు, ఒక చరిత్ర.

కనుక ఆశ న్యాయమైనదే. అయితే ఆ ఆశని గాలిమర తీర్చగలదా అన్నది వేరే సంగతి.

గాలిలో బలం ఎంత?

గాలిమర రెక్కల మీద పడే బలం గాలి వేగం పెరిగిన కొద్దీ మామూలుగా పెరగదు. వేగం రెట్టింపయితే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వేగం సగమయితే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అమ్మకందారు చెప్పే మాటలన్నిటికీ ఈ సూత్రమే గీటురాయి.

ఇంకొకటి. గాలిలో వున్న శక్తినంతా ఏ యంత్రమూ పిండుకోలేదు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక గాలికి దారి వుండదు. నూటికి 59 పాళ్ళకు మించి రాదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ వందేళ్ళ కిందటే తేల్చాడు. ఇళ్ళకు అమ్మే చిన్న యంత్రాల్లో రెక్కల నష్టం, డైనమో నష్టం, తీగల నష్టం పోగా పావు వంతు చేతికొస్తే మంచి యంత్రమని అనుకోవాలి.

ఇప్పుడు లెక్క. రెక్కల చక్రం అడ్డం 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు అనుకుందాం. గాలి గంటకు 43 కిలోమీటర్ల వేగంతో వీస్తే ఆ యంత్రం 800 వాట్లు ఇస్తుంది. అలాంటి గాలి చూసే డబ్బా మీద "ఒక కిలోవాట్" అని అచ్చువేస్తారు. అదే యంత్రం గంటకు 18 కిలోమీటర్ల గాలిలో 60 వాట్లు ఇస్తుంది. 14 కిలోమీటర్ల గాలిలో 30 వాట్లు. 11 కిలోమీటర్ల గాలిలో 13 వాట్లు. ఒక కిలోవాట్ అన్న యంత్రం పైరు తలలు మెల్లగా వూగే గాలిలో ఒకటి, రెండు బల్బులకి సరిపడా ఇస్తుందన్నమాట!

14 కిలోమీటర్ల గాలి రాత్రింబవళ్ళు ఆగకుండా వీచినా రోజుకి ముప్పావు యూనిట్ రాదు. గాలి ఒకే తీరున వీయదు కాబట్టి విసురుగా వచ్చిన గంటల్లో ఎక్కువ పండుతుంది, దాన్ని కలుపుకొన్నా రోజుకి ఒక యూనిట్, మహా అయితే ఒకటిన్నర. రోజుకొక యూనిట్ చొప్పున నెలకి 30 యూనిట్లు మిగిలాయనుకుందాం. నాలుగున్నర రేటున కట్టినా మిగిలేది 135 రూపాయలు. యంత్రం, స్తంభం, బిగింపు కలిసి లక్ష రూపాయలయితే అసలు రాబట్టడానికే 60 ఏళ్ళు దాటుతుంది. వడ్డీ కట్టలేదు. మరమ్మతు కట్టలేదు. ఏ యంత్రమూ అన్నేళ్ళు బతకదు.

పొలం మోటారు సంగతి అడగనే వద్దు. 5 హార్స్‌పవర్ మోటారుకి 3700 వాట్లు పైన కావాలి. ఇంటి గాలిమర దాన్ని కదిలించలేదు.

తాటిచెట్టుని దాటాలి

మరి రాయలసీమలో గాలిమరలు తిరగడం లేదా అని అడగవచ్చు. తిరుగుతున్నాయి. మన రాష్ట్రంలో 4 వేల మెగావాట్లకు పైగా గాలి కరెంటు యంత్రాలు వున్నాయి. అందులో ఎక్కువ భాగం అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాల్లోనివే. అక్కడ కొండలమీద అడ్డులేని గాలి వుంది. ఆ స్తంభాలు ఎనభై, వంద మీటర్ల ఎత్తువి. ఒక్కొక్క రెక్క మన వూరి తాటిచెట్లకంటే పొడుగు. వాటిని చూపించి ఇంటి కప్పు మీద ఆరడుగుల ఫ్యాను అమ్మడం, ఏనుగుని చూపించి మేకపిల్లని అమ్మడం వంటిది.

పద్మనాభం కొండ మెట్లెక్కి అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర నిలబడితే పైపంచె ఎగిరిపోతుంది. కొండ కింద వీధిలో ఆకు కదలదు. గోస్తని ఒడ్డున, పాండ్రంగి, పొట్నూరు, రెడ్డిపల్లి, కోరాడ వంటి వూళ్ళలో చుట్టూ తాటిచెట్లు, కొబ్బరి, మామిడి తోటలు. చెట్టు వెనక గాలి నీటిలో సుడిలా తిరుగుతుంది. సుడిగాలిలో రెక్క తిన్నగా తిరగదు, అటూఇటూ కొట్టుకొని బేరింగులు అరగదీసుకుంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఒక నియమం పెట్టారు. చుట్టూ మూడు వందల అడుగుల లోపల వున్న చెట్టూ ఇల్లూ అన్నిటికంటే రెక్కలు కనీసం 30 అడుగులు పైన వుండాలి. అరవై అడుగుల తాటిచెట్టు పక్కన వుంటే స్తంభం 90 అడుగులు కావాలి. మేడ మీద నాలుగు గొట్టాలు పాతి బిగిస్తే గాలీ దొరకదు, రోజంతా అదురుడుకి శ్లాబు బీటలిస్తుంది.

కాలం కూడా చూడాలి. నైరుతి గాలి తోలే జూన్ నుంచి ఆగస్టు దాకా యంత్రం బాగానే తిరుగుతుంది. మంచు పడే నెలల్లో రాత్రీ, తెల్లవారుజామూ గాలి చచ్చిపోతుంది. సముద్రం గాలి మధ్యాహ్నం వస్తుంది, దీపం పెట్టేది రాత్రి. కాబట్టి గాలిమరకి బ్యాటరీ తప్పదు. అసలు బాధలన్నీ అక్కడే మొదలు.

బ్యాటరీని ఎద్దులా మేపాలి

బ్యాటరీ అంటే కరెంటు పోసి దాచుకునే కుండ అనుకుంటారు. కుండ ఖాళీగా వున్నా పగలదు. బ్యాటరీ అలా కాదు, అది కాడికి కట్టిన ఎద్దు వంటిది. పని చేయించాక కడుపునిండా మేపాలి. అర్ధాకలితో వారాలు వుంచితే ఇక లేవదు. సీసం బ్యాటరీ సగం చార్జీతో వుండిపోతే పలకల మీద తెల్లటి గట్టి పొర పేరుకుంటుంది. ఆ పొర ముదిరితే మళ్ళీ కరగదు. గాలి లేని పది రోజులు వస్తే గాలిమర ఇంట్లో జరిగేది అదే. కనుక వొట్టి గాలిని నమ్ముకున్న బ్యాటరీ తొందరగా పోతుంది.

గాలిమర వున్నా లేకున్నా, ఇన్వర్టరు బ్యాటరీ ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఇళ్ళకి వచ్చింది. దాన్ని కాపాడుకునే తీరు ప్రతి ఇంటికీ తెలియాలి.

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిండా వుండేది 1800 వాట్-అవర్లు, అంటే ఒకటీ ముప్పాతిక యూనిట్ పైన. అందులో సగమే, 900 మాత్రమే వాడుకోవాలి. సగానికి మించి రోజూ తోడేస్తే ఆయుష్షు తరిగిపోతుంది. వాడకం ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెట్టి చూస్తే నిండు బ్యాటరీ 12.7 వోల్టులు చూపుతుంది. 12.2కి దిగిందంటే సగమయింది, ఇక ఆపాలి.

నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బోరు నీళ్ళు, నుయ్యి నీళ్ళు పోస్తే ఆ నీటిలోని ఉప్పులు పలకల్ని తినేస్తాయి. యాసిడ్ పొయ్యకూడదు. ఆవిరయ్యేది నీరు, యాసిడ్ లోపలే వుంటుంది. పలకలు మునిగేటట్టు, గుర్తు దాటకుండా పొయ్యాలి. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఆ గదిలో బీడీ వెలిగించకూడదు, దీపం పెట్టకూడదు, గాలి ఆడే కిటికీ వుండాలి. పిల్లలు పడుకునే మంచం పక్కన పెట్టడం ప్రమాదం. యాసిడ్ కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పాత బ్యాటరీ పక్కన కొత్తది కలిపి కట్టవద్దు. ముసలి ఎద్దుతో కోడెదూడని కాడి కడితే రెండూ చెడతాయి. భీమిలి వైపు వూళ్ళలో ఉప్పుగాలికి టెర్మినళ్ళు పచ్చపూత పడతాయి, తుడిచి వాజలైన్ రాయాలి. చచ్చిన బ్యాటరీని ఇంటి దగ్గర పగలగొట్టి సీసం కరిగించడం పిల్లల మెదడుకి విషం. 2022 నియమాల ప్రకారం పాత బ్యాటరీల్ని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. దుకాణంలో ఇచ్చి, కొత్తదాని ధరలో తగ్గించమని అడగాలి.

ఇక ఖర్చు. అటువంటి బ్యాటరీ 15 వేల రూపాయలకి కొని, రోజూ 900 వాట్-అవర్లు వాడుకొని, అది 5 ఏళ్ళు బతికిందనుకుందాం. మొత్తం తీసుకున్నది 1640 యూనిట్లు. యూనిట్‌కి 9 రూపాయలు పైన! గాలి వూరకే వచ్చినా, సూర్యుడు వూరకే వచ్చినా, దాచుకున్నందుకే 9 రూపాయలు. లైను మీద అదే ఇంటికి పడే సగటు 3 రూపాయలు. కరెంటు వున్న చోట బ్యాటరీతో బిల్లు తగ్గించుకోవడం ఎన్నటికీ గిట్టదు. లిథియం బ్యాటరీలు ఎక్కువ ఏళ్ళు వస్తాయి, లోతుగా తోడినా తట్టుకుంటాయి. అయితే ముందు పెట్టవలసిన డబ్బు ఎక్కువ. కౌలు రైతు దాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు?

బ్యాటరీ బిల్లు కోసం కాదు, చీకటి రాత్రి కోసం. 9 వాట్ల బల్బులు మూడు అయిదు గంటలు, 30 వాట్లు లాగే కొత్తరకం ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు, రెండు సెల్లులు, అన్నీ కలిసి 640 వాట్-అవర్లు. ఇన్వర్టరు నష్టం కలుపుకొన్నా ఒక్క బ్యాటరీతో రాత్రి గడుస్తుంది. అవే 75 వాట్ల పాతరకం ఫ్యాన్లయితే వాటికే 1200 కావాలి, తెల్లవారకముందే చీకటి. కనుక రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చండి. అది చవక.

తుఫానుకి నిలుస్తుందా?

సోలారు పలకల్ని బ్యాటరీ నిండగానే విడదీయవచ్చు. గాలిమరని విడదీస్తే పగ్గం తెగిన కోడెలా పరుగెత్తి రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. అందుకే బ్యాటరీ నిండాక మిగులు కరెంటుని ఒక హీటరు కాయిలుకి మళ్ళించే కంట్రోలరు తప్పక వుండాలి. ఆపడానికి బ్రేకు స్విచ్చి వుండాలి. పిడుగుకి ఎర్తింగు వుండాలి. ఈ మూడూ లేకుండా చవగ్గా అమ్మేవాడిని గుమ్మంలోంచే పంపించేయండి.

గాలి తోపు వేగం పెరిగిన కొద్దీ వర్గంలో పెరుగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలికంటే హుద్‌హుద్ నాటి 180 కిలోమీటర్ల గాలి 25 రెట్లు బలంగా తోస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే స్తంభాన్ని నేలకి వంచి పడుకోబెట్టే ఏర్పాటు వుంటే తప్ప మన తీరంలో గాలిమర నిలవదు. పొరుగింటి పెంకుటింటి మీద పడితే నష్టం ఎవరిది? గాలిమర ఎక్కువగా దేనికోసం కొంటున్నామో, ఆ తుఫాను రోజే దాన్ని దించుకోవాలి. ఈ విచిత్రాన్ని అమ్మకందారు చెప్పడు.

సోలారు వున్నవారూ ఒకటి తెలుసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెంటికి 60 వేలు, మూడూ ఆపైన 78 వేల రూపాయల సబ్సిడీ వుంది. ఒక కిలోవాట్ పలకలు మంచి ఎండలో రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. గాలిమర లెక్క పక్కన ఇది ఎంతో మెరుగు. అయితే లైనుకి కలిపిన సోలారు, లైను పోగానే తానూ ఆగిపోతుంది. తీగ బాగుచేసే లైన్‌మన్ ప్రాణం కోసం అలా చేశారు. బ్యాటరీ లేకపోతే కోతలో దాని వల్ల దీపం వెలగదు. పైగా సొంత కప్పు వున్నవాడికే సబ్సిడీ. రేకుల షెడ్డులో అద్దెకున్న వ్యవసాయ కార్మికుడికి ఏమిటి?

ఇతర దేశాలు చెప్పే పాఠం

ఇంట్లో గాలి కరెంటు కొత్త సంగతి కాదు. అమెరికాలో చార్లెస్ బ్రష్ అనే సంపన్నుడు 1888లోనే క్లీవ్‌లాండ్‌లో తన పెరట్లో 56 అడుగుల అడ్డం వున్న గాలిమర కట్టి, నేలమాళిగలో 408 సెల్లులు నింపి ఇల్లంతా దీపాలు పెట్టించాడు. అంత పెద్ద యంత్రం ఇచ్చింది 12 కిలోవాట్లు. డబ్బున్నవాడి ముచ్చట అది.

డెన్మార్క్‌లో పౌల్ లా కూర్ అనే బడి పంతులు 1891లో ఆస్కోవ్ వూళ్ళో గాలిమరతో కరెంటు తీశాడు. ఆయన తన ఒక్కడి ఇంటితో ఆగలేదు. పల్లె కుర్రాళ్ళకి కరెంటు పని నేర్పించాడు. రైతులు సహకార సంఘాలు పెట్టుకున్న నేల అది. తరవాత ఆ దేశం గాలి కరెంటులో ముందుకొచ్చిందంటే ఇలాంటి వూరుమ్మడి పునాది వుంది.

అమెరికా రైతులు 1920, 30లలో గాలిమరలూ బ్యాటరీలూ పెట్టుకున్నారు. కారణం ప్రైవేటు కంపెనీలు లాభం లేదని పల్లెలకి లైను వెయ్యకపోవడం. 1935లో ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థని పెట్టి, రైతు సహకార సంఘాలకి అప్పులిచ్చి లైన్లు వేయించాక, అదే రైతులు గాలిమరలు విప్పేశారు. బ్యాటరీ చాకిరీ తెలిసినవాడికి లైను విలువ తెలుస్తుంది.

మన దేశంలోనూ చిన్న గాలిమరలకి సబ్సిడీ పథకం నడిచింది. 2017తో అది ముగిసింది. ఇప్పుడు సబ్సిడీ ఇప్పిస్తామని బయానా అడిగేవాడి దగ్గర ప్రభుత్వ కాగితం అడగండి.

మరేం చెయ్యాలి?

ఎవరి చీకటి వారే బాగుచేసుకోవాలనే మందు పాలకులకి సుఖం, కంపెనీలకి లాభం. వందిళ్ళ వూళ్ళో వంద బ్యాటరీలు, వంద అప్పులు కాదు కావలసింది. తుఫాను రోజున నాలుగు చోట్ల కరెంటు నిలవాలి. మంచినీళ్ళ ట్యాంకు మోటారు దగ్గర, ఆరోగ్య కేంద్రంలో మందుల ఫ్రిజ్ దగ్గర, జనం తలదాచుకునే బడిలో, సెల్లులు చార్జి చేసుకునే పంచాయతీ ఆఫీసులో. ఈ నాలుగింటికీ ప్రభుత్వ ఖర్చుతో సోలారు పలకలు, తగిన బ్యాటరీలు పెట్టించమని గ్రామసభలో తీర్మానం చెయ్యాలి. పెట్టాక చూసే మనిషి కావాలి. కంచరపాలెం ఐటిఐలో ఇన్వర్టర్లు, బ్యాటరీల పని నేర్పించి వూరికొక కుర్రాడికి జీతమిచ్చి నిలబెట్టాలి. చూసే మనిషి లేక మూలపడిన సోలారు వీధిదీపాలు మనం చూడనివి కావు.

కొండ మీద గాలి వుందనుకుంటే దాన్ని కొలిపించాలి. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలు వున్నది అందుకే. ఏడాది పొడుగునా కొలిచిన లెక్క చేతికి వచ్చాక వూరుమ్మడి యంత్రం సంగతి ఆలోచించవచ్చు. అమ్మకందారు వేలు నాకి గాలికి ఎత్తి చెప్పిన లెక్క పనికిరాదు.

తుఫానుకి పడని స్తంభాలు, వూళ్ళోకి కప్పిన తీగలు, తగినంతమంది లైన్‌మన్లు, సర్దుబాటు పేరుతో పాత బాకీలు లేని బిల్లు, ఇవి అడగవలసిన చోటు విద్యుత్ సంస్థ. అక్కడ పదిమంది కలిసి అడగాలి. ఈలోగా గాలిమర అమ్మేవాడు గుమ్మం ఎక్కితే మూడు ప్రశ్నలు వెయ్యండి. గంటకు 14 కిలోమీటర్ల గాలిలో ఇది ఎన్ని వాట్లిస్తుంది? తుఫాను రోజున ఎవరు దించుతారు? అయిదేళ్ళకి బ్యాటరీ పోతే ఎవరు కొంటారు? మూడింటికీ కాగితం మీద జవాబు రాసిచ్చేదాకా సంచిలో డబ్బు సంచిలోనే వుంచండి.